శిరోజ రక్షణ ఉత్తర్వు

మా ఇంజనీరు గారి పేరు మేకతోటి దైవసహాయం. మా గనుల శాఖలో కార్మికుల భద్రతకు ఎన్నాళ్లనుంచో ఉన్న ఏర్పాటు కూడా అదే. అందుకని పేరు చూసి ఉద్యోగం ఇచ్చారని కొందరూ, ఉద్యోగం చూసి పేరు మార్చుకున్నాడని కొందరూ అనుకునేవాళ్లు. రెండూ అబద్ధమే. ఆయన మెకానికల్ ఇంజనీరింగు చదివి, పరీక్ష రాసి, భద్రతా తనిఖీ అధికారిగా రాళ్లదిన్నె డివిజను ఆఫీసుకు వచ్చాడు. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఆయన చూసొచ్చింది నేను ఫైల్లో పెట్టేవాణ్ణి. ఫైల్లో పెట్టింది ఎవరూ చూసేవాళ్లు కాదు. అలా పదకొండేళ్లు ఏ ఒడిదుడుకూ లేకుండా గడిచాయి.

రాళ్లదిన్నె చుట్టూ అన్నీ గ్రానైటు క్వారీలే. మా నల్లరాయి ఎక్కడెక్కడి దేశాల్లోనో వంటింటి గట్ల మీద నిగనిగలాడుతూ సుఖంగా ఉందని చెబుతారు. దాన్ని కొండలోంచి తీసేవాళ్లు మాత్రం నలభై అడుగుల రాతిగోడ కింద నెత్తిన తువ్వాలు చుట్టుకుని నిలబడతారు. అన్నిటిలోకీ గడ్డుది ఏడో నంబరు క్వారీ. దాని గోడకు పైన పగుళ్లు వారిన రాతి పలుకులు వేలాడుతుంటాయి. లారీ గట్టిగా హారను కొట్టినా ఒకటో రెండో రాలతాయి.

ఆ గోడ కింద రాతి చెక్కులు ఎత్తే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి మస్తానమ్మ. యాభై దాటిన మనిషి. ఒకరోజు చెంగు బిగించుకుంటూ ఆమె ఒక అడుగు పక్కకి జరిగింది. అంతదాకా ఆమె నిలబడ్డ చోట కొబ్బరికాయంత రాయి పడింది. అప్పుడు దైవసహాయం టేపు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

మస్తానమ్మ రాయికేసి చూసింది, తరవాత ఆయనకేసి చూసింది. "సారూ, నువ్వొస్తావు, కొలుస్తావు, రాసుకుంటావు, టీ తాగి పోతావు. ఇన్నేళ్లుగా రాస్తానే ఉన్నావు గదా, మా నెత్తికేదన్నా చూడరాదా?" అంది.

ఆ రోజునుంచి ఆయనకి హెల్మెట్ల పిచ్చి పట్టుకుంది. ఏడో నంబరు క్వారీలో అరవైరెండు మంది. అరవైరెండు తలలకీ అరవైరెండు హెల్మెట్లు. అంతకుమించి ఆయన ఏమీ కోరలేదు, ప్రమోషనుతో సహా. క్వారీ ఓనరు రావిపాటి చెంచురామయ్యని అడిగితే, "ఉత్తర్వు చూపించండి, రేపొద్దున్నే కొనేస్తా," అన్నాడు. లేని కాగితం ఏదో కనిపెట్టి దాన్నే అడగడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది. సరే, ఉత్తర్వు కోసం దైవసహాయం పైకి ప్రతిపాదన రాశాడు.

అప్పుడే రాజధానిలో తెలుగు ఊపు మీద ఉంది. ప్రతి ఉత్తర్వూ తెలుగులోనే వెలువడాలన్నారు. తెలుగంటే మనం మాట్లాడేది కాదు, దానికి వేరే కమిటీ ఉంది. 'హెల్మెట్టు' అనే మాట ఉన్నందుకు మా ప్రతిపాదన మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగోసారి కమిటీయే దయతలచి, ఆ వస్తువుకి 'శిరస్త్రాణము' అనీ, ఆ పనికి 'శిరో రక్షణ' అనీ పేర్లు పెట్టింది. ఎనిమిది నెలలకు ఉత్తర్వు వచ్చింది. కవరు దైవసహాయమే చింపాడు.

"గనులు, క్వారీలయందు పనిచేయు ప్రతి కార్మికునకు శిరోజ రక్షణ కల్పింపబడవలెను. శిరోజ రక్షణ లేనియెడల సదరు గనిని మూసివేయుటకు తనిఖీ అధికారికి పూర్తి అధికారము కలదు."

ఆయన అది మూడుసార్లు చదివాడు.

"ఈ 'జ' ఏంటయ్యా మధ్యలో?"

"కంపోజింగులో ఎక్కువ పడ్డట్టుంది సార్."

"శిరో అంటే తల. బాగానే ఉంది. శిరోజమంటే?"

"తలమీద పుట్టింది సార్. వెంట్రుక."

రాజధానిలో ఆ ఉత్తర్వు కంపోజు చేసినతను అంతకుముందు పదేళ్లు తలనూనెల కరపత్రాలు కంపోజు చేశాడట. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది. వేళ్లు అలవాటైన దారినే పోయాయి, అంతే.

ఇంతే కదా, ఒక అక్షరం దిద్దించుకుంటే సరిపోతుందని దైవసహాయం పై ఆఫీసుకు ఫోను చేశాడు. అక్కడ కళానిధి గారని జాయింటు డైరెక్టరు. జాయింటు డైరెక్టరు అంటే ఆయన పలికేవాడు కాదు. సంయుక్త సంచాలకులు అనాలి.

"సార్, ఉత్తర్వులో ఒక చిన్న అచ్చుతప్పు..."

"ఉత్తర్వునందు తప్పు ఉండుటకు వీలులేదు దైవసహాయం గారూ."

"హెల్మెట్లకు బదులు వెంట్రుకలు పడ్డాయి సార్."

"తప్పు ఉన్నచో సవరణ వెలువడవలెను. సవరణ వెలువడవలెనన్న, తప్పు ఉన్నదని ఒకరు ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్నవారిపై విచారణ జరుగును. విచారణ జరిగినచో ఉత్తర్వునందు తప్పు లేదని తేలును. మీరు ఒప్పుకొందురా?"

"కమిటీ పెట్టింది శిరో రక్షణ అనే సార్."

"అదియును గాక, మంత్రివర్యులు శిరోజ రక్షణ వారోత్సవములు ప్రారంభించి, స్వహస్తములతో నాలుగువేల దువ్వెనలు పంచియున్నారు. ఆ దువ్వెనలను ఇప్పుడు ఏమి చేయమందురు?"

దైవసహాయం ఫోను పెట్టేశాడు.

వారం తిరక్కుండా తనిఖీ ప్రొఫార్మా వచ్చింది. వెంట్రుకలు ఒత్తా, పలచనా? షిఫ్టుకు ముందు ఎన్ని, షిఫ్టు తరవాత ఎన్ని? పేల నివారణకు యాజమాన్యం తీసుకున్న చర్యలేమిటి? రాతిగోడ ఎత్తు, పగుళ్ల వెడల్పు రాసే పాత గడులన్నీ తీసేశారు, కాగితంలో చోటు చాలక.

మేము ఏడో నంబరుకు వెళ్లేసరికి చెంచురామయ్య గోడకు అద్దం కొట్టించి, దారానికి ఒక దువ్వెన కట్టి వేలాడదీసి, పైన 'శిరోజ రక్షణ కేంద్రము' అని పెయింటుతో రాయించి ఉన్నాడు.

"ఇన్నేళ్లూ మీరడిగేదేందో నాకు బోధపళ్లేదండీ," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "ఇదీ అని ముందే చెప్పొద్దూ? దువ్వెన అడిగితే నేను కాదంటానా?"

దైవసహాయం ప్రొఫార్మా తీసి, మస్తానమ్మ ముఠాని వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి తలా వంచి పాపిట పక్కన జుట్టు విడదీసి చూస్తూ నాకు చెబుతున్నాడు, నేను రాసుకుంటున్నాను. మస్తానమ్మ వంతు వచ్చింది.

"ఏంది సారూ, పెళ్లిచూపులా?"

ముఠా అంతా గొల్లుమంది.

"ఉత్తర్వు ఇట్టా వచ్చిందమ్మా. జుట్టు చూడాలంట."

"తలకాయ సంగతి చూడమంటే జుట్టు సంగతి చూస్తావా? ఎవురు రాశారంట?"

"పెద్దవాళ్లు."

"ఆళ్ల నెత్తిన రాళ్లు పడవా?"

"వాళ్లు గోడ కింద కూర్చోరమ్మా."

"అయితే ఆళ్లకి జుట్టే ముఖ్యంలే," అంది మస్తానమ్మ, కొప్పు ముడేసుకుంటూ. "రాసుకో గుమాస్తా బాబూ. ఒత్తుగానే ఉండాది. కింద తలకాయ కూడా ఉండాదని రాయి, గడి ఉంటే."

గడి లేదు.

అయితే దైవసహాయం ఊరికే జుట్టు లెక్కపెట్టుకుంటూ కూచునే మనిషి కాదు. డ్రిల్లు మిషను మీద పనిచేసే యేసోబు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాడు. యేసోబుది నున్నటి బట్టతల. అద్దంలో కంటే అందులోనే మొహం బాగా కనిపిస్తుంది. ఆయన ఉత్తర్వు తీసి మళ్లీ చదివాడు. ప్రతి కార్మికునికీ శిరోజ రక్షణ ఉండాలి, లేకపోతే గని మూసేయొచ్చు. యేసోబుకు శిరోజమే లేదు. ఇక రక్షణ ఎక్కడిది? అక్కడికక్కడే ఏడో నంబరు క్వారీ మూసేస్తున్నట్టు నోటీసు రాసి, అద్దం పక్కనే అంటించాడు. ఇన్నేళ్లలో ఆయన మూయించిన మొదటి క్వారీ అది.

ఒక్కరోజు మూతపడింది. రెండోరోజు పొద్దున్నే సంయుక్త సంచాలకుల వారి వివరణ వచ్చింది. "శిరోజములు లేని కార్మికునియందు రక్షింపవలసినది ఏమియు లేనందున, అతడు సంపూర్ణ రక్షితుడుగా పరిగణింపబడును." యేసోబుకు ఆ మేరకు సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. పాపం, అతను దాన్ని లామినేషను చేయించుకున్నాడు.

చెంచురామయ్య బుర్ర చురుకైనది. బట్టతల సంపూర్ణ రక్షణ అయితే, గుండు కొట్టిస్తే ఇక దువ్వెన కూడా అక్కర్లేదు. మర్నాడే ఒక మంగలిని తెచ్చి గోడ కింద కూచోబెట్టాడు. ఊరికే వస్తుందని మగవాళ్లు చాలామంది తల వంచారు. ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి మస్తానమ్మ సమ్మెట తీసింది. మంగలి పొది అక్కడే వదిలేసి, రోడ్డెక్కేదాకా వెనక్కి తిరగలేదని చూసినవాళ్లు చెప్పారు.

మగవాళ్లలో గుండుకు ఒప్పుకోనివాడు ఓబులేసు. క్రేను దగ్గర గొలుసులు తగిలించే పని అతనిది. ముందుకు పడే ఉంగరాల క్రాపు, రోజుకు నాలుగుసార్లు దువ్వుకుంటాడు. పది రోజుల తరవాత ఆ క్రాపు మీదే రాయి పడింది. ఏడు కుట్లు. దైవసహాయం ఆస్పత్రినుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి, చొక్కామీద మరక అలాగే ఉండగా ఫోను చేశాడు.

"తల పగిలింది అనునది ప్రొఫార్మాలో ఏ గడి క్రిందకు వచ్చును?" అన్నారు కళానిధి గారు.

"ఏ గడీ లేదు సార్. అదే నేను మొదటినుంచీ..."

"గడి లేనిచో ప్రమాదము లేదు. శిరోజములకు ఏమైనా నష్టము వాటిల్లెనా?"

"కుట్లు వెయ్యడానికి కాంపౌండరు చుట్టూ గొరిగాడు సార్."

"ఏమీ! ఎంత మేర?"

"అరచెయ్యంత."

"ఎవరి అనుమతితో?"

మూడోరోజు కాంపౌండరుకు మెమో వెళ్లింది, విధి నిర్వహణలో ఉన్న కార్మికుని శిరోజములకు భారీ నష్టం కలిగించినందుకు సంజాయిషీ కోరుతూ. రాయికి ఏ మెమో వెళ్లలేదు. దాని పని అది చేసుకుంటూ ఉంది.

ఆ మెమో నకలు చదివాక దైవసహాయం చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ తరవాత నా వైపు తిరిగి, "వాళ్లకి కావలసింది తలనూనే కదయ్యా," అన్నాడు. "సరే. తలనూనే ఇద్దాం." రెండు వారాలకు సెలవు చీటీ రాసి నా చేతిలో పెట్టాడు.

వారం పోయాక చూడబోతే ఆయన పెరట్లో పొయ్యి మీద పెద్ద గుండిగ ఉడుకుతోంది. అందులో తుమ్మజిగురు, ఉడికించిన అవిసెగింజల బంక, ఆముదం, సన్నగా తరిగిన గోనెనార, జల్లెడ పట్టిన గ్రానైటు పొడి. గోడ పక్కన గుమ్మడికాయలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికీ సవరం కట్టి, ఆ సవరానికి ఈ లేపనం పట్టించి, ఎండలో ఆరబెట్టాడు. ఆరాక నిచ్చెనెక్కి ఐదు కిలోల ఇనపగుండు జారవిడుస్తున్నాడు.

ఆయన భార్య కరుణమ్మ గారు స్కూలు టీచరు. అరుగు మీద కూచుని దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి నాతో అంది. "చూశావా తమ్ముడూ? మూడు రోజులనుంచీ మా ఇంట్లో గుమ్మడికాయ పులుసే. పోయిన ఆదివారం చర్చికి సవరం కట్టుకుపోదామని చూస్తే, ఇదిగో, ఈ కాయకుంది."

"ఇది పగల్లేదు చూడు!" అని నిచ్చెనమీదనుంచి కేకేశాడు దైవసహాయం. నిజంగానే ఆ గుమ్మడికాయకు గీత పడలేదు. సవరం రాయిలాగా గట్టిపడి ఉంది. కొప్పుగా ముడేసి ఈ లేపనం రాసుకుంటే, అది జుట్టూ అవుతుంది, హెల్మెట్టూ అవుతుంది. ఉత్తర్వులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

'శిరోజ రక్షణ లేపనము' అని పేరు పెట్టి ఆమోదానికి పంపాం. అందుకని ఒక నిపుణుల సంఘం వేశారు. అందులో ఒక బ్యూటీ పార్లరు యజమానురాలు, ఒక రిటైరైన సంస్కృతం మాస్టారు, అధ్యక్షులుగా కళానిధి గారు. రాజధానిలో ఆ సమావేశానికి దైవసహాయం వెంట నేనూ వెళ్లాను.

కళానిధి గారు చూపుడువేలితో లేపనాన్ని నొక్కి చూశారు. వేలు నొప్పి పుట్టింది కాబోలు, విదిలించుకున్నారు.

"గట్టిగా ఉన్నది."

"గట్టిగా ఉండటానికే సార్."

"కేశ సంబంధ ద్రవ్యములకు మృదుత్వము ప్రధాన లక్షణము. ఇందులో రాతిపొడి ఉన్నదట! ఏల?"

"బలానికి సార్."

"జుట్టుకి రాయేంటండీ, ఛీ," అంది పార్లరావిడ.

రాతిపొడి తీసేశారు. గోనెనార గుచ్చుకుంటుందని తీసేశారు. జిగురు అంటుకుంటుందని తీసేశారు. బంక వాసన వస్తుందన్నారు, అదీ పోయింది. చివరికి ఆముదం మిగిలితే, అందులో మల్లెల సెంటు కలిపి, సంస్కృతం మాస్టారు చేత 'కేశరక్ష' అని నామకరణం చేయించి, ఏకగ్రీవంగా ఆమోదించారు.

అది ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు గానీ, రాష్ట్రమంతా అంటుకుంది. ప్రభుత్వ ముద్ర ఉన్న తలనూనె మరొకటి లేదు. పెళ్లికూతుళ్లకు పసుపు కుంకుమలతో పాటు పెట్టడం మొదలైంది. దైవసహాయానికి 'శిరోజ ద్రవ్య ఆవిష్కరణల ప్రత్యేకాధికారి' అని కొత్త హోదా ఇచ్చి, నెలకొక ఆవిష్కరణ చొప్పున లక్ష్యం పెట్టారు. లక్ష్యం తప్పితే ఇంక్రిమెంటు ఆగుతుంది. ఆయన మీసాల మైనం కనిపెట్టాడు, గడ్డం మెరుగు కనిపెట్టాడు, చుండ్రు పొడి కనిపెట్టాడు. క్రేను గొలుసు ఎంత బరువు ఆపుతుందో కంటితో చూసి చెప్పగల మనిషిని, బస్టాండులో జనం ఆపి, "సార్, మా బావమరిదికి నడినెత్తిన పలచబడుతోంది, ఏం వాడమంటారు?" అని అడిగేవాళ్లు. ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. చెప్పి, ఏడో నంబరుకు పోయే బస్సు ఎక్కేవాడు. అక్కడ గోడ అలాగే ఉంది. కింద అరవైరెండు తలలు ఉన్నాయి, ఇప్పుడు మల్లెల వాసనతో.

"బాగుంది సారూ నీ నూనె," అని మస్తానమ్మ ఒకసారి అంది. ఎగతాళిగా కాదు, అలసటగా. "పోయినా వాసనగా పోతాం."

ఆ మాట మీద ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని కరుణమ్మ గారు చెప్పింది.

మూడోరోజు ఆఫీసులో పాత ఫైళ్లు తిరగేస్తూ ఉన్నట్టుండి తలెత్తాడు. "ఏమయ్యా, నూనెకు నిపుణుల సంఘం ఉంది. వాసనకు ఉపసంఘం ఉంది. పేరుకు మాస్టారున్నారు. డబ్బాకు ఎవరున్నారు?"

చూశాను. డబ్బాకు ఎవరూ లేరు.

ఆ నెల ఆవిష్కరణగా ఆయన 'కేశరక్ష, క్వారీ కార్మికుల ప్రత్యేక డబ్బా' పంపించాడు. సగం బంతి ఆకారం. మందపాటి పసుపుపచ్చ ప్లాస్టిక్కు. లోపల చుట్టూ మెత్తటి పట్టీ, నడినెత్తిన అల్లిన తాళ్లు. రెండు పక్కలనుంచి వేలాడే నవారు, దానికి బకిలు. అడుగున రెండు చెంచాల నూనె పట్టే చిన్న గిన్నె, అది ఊడదీయవచ్చు. వాడే విధానం నాచేతే రాయించాడు. "నూనె రాసుకొనిన పిమ్మట డబ్బాను తలపై బోర్లించి, నవారును గడ్డము క్రింద బిగించి, ఎనిమిది గంటలు ఉంచుకొనవలెను."

కళానిధి గారు నమూనాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"రెండు చెంచాల నూనెకు ఇంత డబ్బా ఏల?"

"సువాసన నిలవడానికి సార్."

"ఈ మెత్తటి పట్టీ?"

"నూనె ఒలికితే పీల్చుకుంటుంది సార్."

"ఎనిమిది గంటలు బోర్లించుకొనుట?"

"తైలం ఆవిరి కాకుండా, కుదుళ్లకు పట్టడానికి."

కళానిధి గారు కళ్లు మూసుకుని తలపంకించారు. "శాస్త్రీయముగా ఉన్నది," అని సంతకం చేశారు.

అరవైరెండు డబ్బాలు వచ్చాయి. జుట్టు ఉన్నవాళ్లకు రక్షణకని, యేసోబుకూ గుండు కొట్టించుకున్నవాళ్లకూ మొలవడానికని రాసి, ఒక్కరినీ వదలకుండా పంచాం. మస్తానమ్మ తలమీద పెట్టుకుని, నవారు బిగించి, వేళ్ల కణుపులతో టకటకా కొట్టి చూసుకుంది. ఆమె మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది.

"ఇదా సారూ నూనె డబ్బా?"

"ఇదేనమ్మా నూనె డబ్బా."

"మరి నూనేం చెయ్యమంటావు?"

"తలుపు కీళ్లకు పెట్టుకో. కిర్రుమనకుండా ఉంటాయి."

నెల తిరక్కముందే గోడమీదనుంచి పలుకు ఊడి, వంగి చెక్కులు ఎత్తుతున్న మస్తానమ్మ నడినెత్తిన పడింది. ఆమె మోకాళ్లమీద కూలబడింది. మేము పరిగెత్తేలోపే లేచి, గోడను దాని వంశంతో సహా తిట్టింది. డబ్బా మాత్రం అంచునుంచి అంచుదాకా చీలింది. దైవసహాయం ఆ చీలిన డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, ఏదో పసిబిడ్డను చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం తబ్బిబ్బై రిపోర్టు రాశాడు: రాయి పడింది, మనిషి బతికింది.

ఇంతమంది చదివిన రిపోర్టు మా ఆఫీసునుంచి మరొకటి పోలేదు. రాజధానిలో ప్రత్యేక సమావేశం పెట్టి, కళానిధి గారు తీర్పు చెప్పారు. "డబ్బా పగిలినది. తల పగులలేదు. తలపై ఉన్నది నూనె. దీనినిబట్టి డబ్బాకంటె నూనెయే బలమైనదని నిస్సందేహముగా తేలుచున్నది." ఇంత బలమైన నూనెకు అంత పెద్ద డబ్బా వృథా. ఇకనుంచి ప్యాకెట్లలో ఇస్తారు. పంచిన డబ్బాలలో ఖాళీ అయినవాటినన్నిటినీ స్వాధీనం చేసుకుని పంపాలి.

"నూనె కాదు సార్, డబ్బాయే కాపాడింది," అన్నాడు దైవసహాయం ఫోనులో.

"ఆవిష్కర్త అయియుండి మీ నూనెను మీరే కించపరచుట వినయమే కావచ్చును. స్వాధీన కార్యక్రమమునకు మేమే స్వయముగా విచ్చేయుచున్నాము."

విచ్చేశారు. ఎండ మండిపోతోంది. గోడకింద నీడ ఉందని చెంచురామయ్య కుర్చీ అక్కడే వేయించాడు. అరవైరెండు మందీ పనాపి ఎదురుగా నిలబడ్డారు, నెత్తిన డబ్బాలతో. మస్తానమ్మది కొత్త డబ్బా. పగిలినదానికి బదులుగా దైవసహాయం ఆ పొద్దున రెండు తెప్పించాడు. రెండోది ఆయన చేతిలోనే ఉంది.

"అయ్యా, ఆడ కూచోమాకండి," అంది మస్తానమ్మ.

"అధికారులు ఎచ్చట కూర్చుండవలెనో..." అని కళానిధి గారు అంటుండగానే పైనుంచి గోళీకాయంత గులకరాయి ఆయన భుజాన్ని తాకి కింద పడింది. ఆయన పైకి చూశారు. నిమ్మకాయంతది కుర్చీ చేతికి తగిలి ఎగిరింది. ఆ పైన ఆయన ఎప్పుడు లేచారో, దైవసహాయం చేతిలో డబ్బా ఎప్పుడు లాక్కున్నారో మాకెవరికీ సరిగ్గా కనబడలేదు. చూసేసరికి కుర్చీ పది గజాల ఇవతల ఉంది, అందులో ఆయన ఉన్నారు, గడ్డం కింద బకిలు బిగించి ఉంది.

"ఇది కేవలము పరిశీలనార్థము," అన్నారు, రొప్పుతూ. "కార్యక్రమము ప్రారంభింపుడు. ఖాళీ డబ్బాలను స్వాధీనము చేసికొనుడు."

ఎవరూ కదల్లేదు. నేను దైవసహాయం మొహం చూశాను. ఇన్నేళ్ల తరవాత కూడా ఏమీ చెయ్యలేకపోయిన మనిషి మొహం అది. ఉత్తర్వు కాగితం చేతిలో ఉంది. మస్తానమ్మ ఎదురుగా ఉంది.

"ఇవ్వమ్మా," అన్నాడు మెల్లగా.

"ఏం ఇయ్యాల సారూ?"

"ఖాళీ డబ్బా."

"ఖాళీది యాడుండాది?" అంది మస్తానమ్మ. నెత్తిమీద టకటకా కొట్టింది. "దీంట్లో నా తలకాయ ఉండాది గదా."

దైవసహాయం ఉత్తర్వులోకి చూశాడు. ఒక్కొక్క మాటా వేలు పెట్టి చదివాడు. 'ఖాళీ అయిన డబ్బాలు' అనే చోట వేలు ఆగింది. ఆయన తల ఎత్తినప్పుడు అప్పుడే ఉద్యోగంలో చేరిన కొత్త కుర్రాడిలా ఉన్నాడు.

"ప్రొఫార్మా తియ్యవయ్యా. తనిఖీ చేద్దాం."

వరసనే వెళ్లాడు. ఒక్కొక్క డబ్బామీదా వేలికణుపుతో కొట్టి, "ఇందులో ఏముంది?" అని అడిగాడు.

"తలకాయ సారూ."

"రాసుకో, ఖాళీ కాదు. ఇందులో?"

"నా తలకాయే సారూ. సంపూర్ణంగా ఉండాది," అన్నాడు యేసోబు.

"ఖాళీ కాదు."

ఓబులేసు తన డబ్బా కింద క్రాపు కూడా ఉందని విడిగా రాయమన్నాడు. రాశాను. అరవైరెండూ అయ్యాక దైవసహాయం కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, తనే రిపోర్టు రాశాడు. రాసింది కళానిధి గారికి చదివి వినిపించాడు.

"ఖాళీ డబ్బాల స్వాధీనము నిమిత్తము సమగ్ర తనిఖీ నిర్వహింపబడినది. గౌరవనీయ సంయుక్త సంచాలకుల వారు స్వయముగా శిరమున ధరించియున్న ఒక్క డబ్బా మినహా, ఖాళీ డబ్బా ఏదియు కనుగొనబడలేదు."

చెంచురామయ్యకు దగ్గొచ్చింది. ముఠాలో ఎవరో చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కళానిధి గారు కళ్లు మూసుకుని విన్నారు. "మరల చదువుడు," అన్నారు. దైవసహాయం మళ్లీ చదివాడు.

"హోదా పూర్తిగా వ్రాసినారు, సంతోషము," అన్నారు కళానిధి గారు. 'శిరమున' అన్నచోట 'శిరస్సున' అని దిద్ది, పచ్చ సిరాతో సంతకం చేసి కారెక్కారు. ఆ డబ్బాను ఊరు దాటేదాకా నెత్తిమీదనుంచి తియ్యలేదని డ్రైవరు తరవాత చెప్పాడు.

అలా ఆ ఒక్కటీ శాఖకు స్వాధీనమైంది. మిగతా అరవైరెండూ ఏడో నంబరు గోడ కింద పనికి వెళ్లిపోయాయి, నిండుగా.